ఒక్క శుక్రవారం ఆ వాదీకి వెళ్ళి రండి

ఒమన్‌లో పదేళ్ళు చేసి ఇంటికి పోయిన మనోళ్ళని ఎవరినైనా ఆ దేశం ఎట్లా ఉంటుందని అడిగి చూడండి. ఎయిర్‌పోర్టు గురించి చెప్తారు. క్యాంపు గురించి, మెస్సులో పెట్టే చప్పటి పప్పు గురించి చెప్తారు. రూవీలో శుక్రవారం సాయంత్రం జనం ఎట్లా కిటకిటలాడతారో చెప్తారు. ఇక ఎండ గురించైతే గంటసేపు చెప్తారు. అక్కడితో దేశం అయిపోతుంది. మస్కట్ నుంచి రెండు గంటలు పోతే కొండని నిలువునా కోసుకుంటూ పచ్చటి నీళ్ళు పారే లోయ ఉందని, దానికి దగ్గర్లోనే తెల్లటి గులకరాళ్ళ సముద్రతీరం ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా "అవి తెల్లోళ్ళు పోయే జాగాలు, మనకెందుకు" అంటారు.

ఆ మాట మీదే నాకు అభ్యంతరం. ఈ పేజీలో ఏజెంట్ల మోసాల గురించి, రాని జీతాల గురించి, శవపేటికల గురించి ఎందరో రాశారు, ఇంకా రాయాలి కూడా. నేను మాత్రం ఒక విహారయాత్ర గురించి రాస్తున్నాను. పని లేక రాస్తున్నాడనుకోకండి. నేను చెప్పదలుచుకున్నది రెండు ముక్కలు. మనలాంటి వాళ్ళం ఏడాదికి ఒక్కసారైనా క్యాంపు దాటి ఇలాంటి చోటికి పోవాలి. పోతే మాత్రం, దారి తెలిసిన లైసెన్సు గైడుతోనే పోవాలి.

నిరుడు జనవరిలో మా క్యాంపు నుంచి ఆరుగురం వాదీ అల్ అర్బయీన్‌కి వెళ్ళాం. ఇద్దరు కార్పెంటర్లు, ఒక స్టీల్ ఫిక్సర్, ఒక స్కాఫోల్డర్, మెస్సులో వంట చేసే తమ్ముడు, నేను. ఊళ్ళు చెప్పాలంటే నిర్మల్, జగిత్యాల, కడప, కోనసీమ అన్నీ ఉన్నాయి. అర్బయీన్ అంటే అరబ్బీలో నలభై. వాదీ అంటే మన వాగు అనుకోండి. ఖురియాత్ దాటాక సూర్ వైపు పోయే 17వ నంబరు రహదారి మీద నుంచి కొండల్లోకి మట్టిరోడ్డు చీలుతుంది. అక్కడి నుంచి మామూలు కారు పనికిరాదు. ల్యాండ్ క్రూజర్ లాంటి ఫోర్ బై ఫోర్ ఉండాలి, దాన్ని తోలడం తెలిసినవాడు ఉండాలి.

ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మనోళ్ళు మొదట అడిగేది అదే. గైడుతో ఫోర్ బై ఫోర్ అంటే బండికి లెక్క, మనిషికి కాదు. పెద్ద హోటళ్ళలో దిగిన ఇద్దరు టూరిస్టులు బండి మాట్లాడుకుంటే వాళ్ళకి మోపెడవుతుంది. మేం ఆరుగురం ఏడు సీట్ల బండిలో సర్దుకున్నాం, బేరం ఆడాం, మనిషికి 15 రియాళ్ళు పడింది. మన డబ్బుల్లో మూడు వేల రూపాయలు దాటుతుంది. తక్కువేం కాదు. నెలకి వంద, నూట ఇరవై రియాళ్ళు వచ్చేవాడికి అది నాలుగైదు రోజుల కష్టం. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను. మా జగిత్యాల కార్పెంటర్ అన్న ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. "గా పైసలు ఇంటికి పంపితే పిల్లకి రెండు నెలల వ్యాన్ ఫీజు అయితది" అన్నాడు. నిజమే. కానీ అదే అన్న ఏడాదిలో సిగరెట్లకి ఎంత పెడుతున్నాడో గదిలో అందరికీ తెలుసు. నెలకి రియాలున్నర పక్కన పెడితే ఏడాదికి ఆ డబ్బు కూడుతుంది. మేం అలాగే చిట్టీ లాగా వేసుకున్నాం. తిండి మెస్సు నుంచే పట్టుకుపోయాం: పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, రెండు డబ్బాల కోడికూర, ఇరవై లీటర్ల నీళ్ళు.

తెల్లవారుజామున అయిదున్నరకి బయల్దేరాం. గైడు ఒమనీ, నలభై దాటినవాడు. మనకంటే మంచి హిందీ మాట్లాడతాడు. బండి ఎక్కేముందు ఫోన్ తీసి ఎవరితోనో అరబ్బీలో రెండు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత చెప్పాడు, వాదీకి పైన ఊళ్ళో ఉండే చుట్టానికి చేశాడట, కొండ మీద మబ్బు పట్టిందేమోనని కనుక్కోవడానికి. మేం ఆకాశం చూశాం, ఒక్క మబ్బు తునక లేదు. స్కాఫోల్డర్ తమ్ముడు నవ్వాడు కూడా. ఆ ఫోన్ ఎందుకో వాదీలోకి పోయాక అర్థమైంది.

రహదారి మీద ఉండగానే ఇంకో సంగతి జరిగింది. నిర్మల్ నుంచి వచ్చిన పెద్దాయన, మా గుంపులో అందరికంటే సీనియర్, కిటికీ అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాడు. ఉన్నట్టుండి, "గీ బాక్సు కల్వర్టు మేం పోసిందే అనుకుంట" అన్నాడు. ఈ రోడ్డు కట్టేటప్పుడు ఆయన షట్టరింగ్ హెల్పరుగా వచ్చాడట. పద్నాలుగు నెలలు ఆ కొండల మధ్యే క్యాంపు. వాదీ ఇక్కడికి ఎంత దూరమని గైడుని అడిగితే, పది నిమిషాలన్నాడు. పద్నాలుగు నెలలు అక్కడే ఉండి ఆయన ఆ పది నిమిషాల దూరం పోలేదు. ఎవరూ వద్దనలేదు. పోవచ్చని కూడా ఎవరూ చెప్పలేదు. "పొద్దుగాల్ల బస్సు, మాపటికి బస్సు, గంతే" అన్నాడు. ఈ రోజు వారాంతంలో ఆ రోడ్డు మీద ఎన్ని కార్లు పోతున్నాయో చూడండి. అందులో ఎవరూ ఈ కల్వర్టు ఎవరు పోశారని అడగరు, అడగాలని నేను అనను కూడా. కానీ పోసినవాడు ఒక్కసారి దాని మీదుగా ప్యాసింజరుగా పోతే బాగుంటుంది కదా.

తారు రోడ్డు దిగగానే గైడు బండి ఆపి నాలుగు టైర్లలో గాలి కొంత తీసేశాడు. చేతిలో చిన్న గేజి, ఒక్కో టైరుకీ పెట్టి చూసుకున్నాడు. టైరు మెత్తబడితే నేల మీద ఎక్కువ ఆనుతుంది, పట్టు దొరుకుతుంది, సూదిరాయి దిగినా తొందరగా కోసుకోదు. సైటులో డంపర్ డ్రైవర్లకి ఇది చెప్పి చెప్పి అలిసిపోయిన నాకు ఆ పని చూస్తేనే నమ్మకం కుదిరింది. దిగుడు వచ్చిన ప్రతిచోటా లో గేరు వేసి ఇంజను పట్టు మీదే దించాడు, బ్రేకు మీద కాలు పెట్టలేదు. దారి వాగుని అటూ ఇటూ దాటుతూ పోతుంది. నీళ్ళు వచ్చిన ప్రతిసారీ దిగాడు, కర్ర గుచ్చి లోతు చూశాడు, అవతలి ఒడ్డున చక్రాలు ఎక్కే చోటు చూసుకున్నాడు, అప్పుడు బండి పెట్టాడు. మోకాలు లోతు కూడా లేని చోట కూడా అంతే. మా కోనసీమ తమ్ముడు "ఈయన మన లంకల్లో పడవ సరంగులా ఉన్నాడండీ" అన్నాడు.

లోయ గురించి ఎక్కువ వర్ణించను, అది కవుల పని. రెండు పక్కలా సున్నపురాయి గోడలు, పైకి చూస్తే మెడ నొప్పి పుట్టేంత. కింద ఆకుపచ్చ నీళ్ళు. నీళ్ళ అంచున ఖర్జూరం చెట్లు. ఆ రంగు నీళ్ళు నేను ఫోన్లో చూసినప్పుడు కంప్యూటర్లో మార్చారనుకునేవాడిని. లోపలికి పోయేకొద్దీ ఎండ తగ్గి చల్లబడుతుంది. ఒక మడుగు దగ్గర అందరం కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. చిన్న చేపలు వచ్చి కాళ్ళ పగుళ్ళు కొరుకుతుంటే స్టీల్ ఫిక్సర్ చిన్నపిల్లాడిలా అరిచాడు. అరగంట ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు, ఎవరూ ఓవర్‌టైం మాట ఎత్తలేదు. అరగంట. మా గదిలో అది జరగని పని.

అక్కడే గైడు గోడ వైపు వేలు చూపించాడు. నేలకి రెండు నిలువుల ఎత్తున రాతి పగుల్లో ఎండిన ఖర్జూర మట్టలు, ఒక నైలాన్ తాడు ముక్క, చిరిగిన ప్లాస్టిక్ సంచి ఇరుక్కుని ఉన్నాయి. ఎవరూ ఎక్కి పెట్టినవి కావు. నేను పాలిటెక్నిక్‌లో చదివినప్పుడు బ్రిడ్జి పాఠంలో హై ఫ్లడ్ లెవెల్ అని ఒకటి చెప్పారు. వరద ఎంత ఎత్తుకి వచ్చిందో ఒడ్డున గుర్తులు చూసి పట్టుకోవాలి, దాన్ని బట్టే గర్డరు ఎత్తు పెట్టాలి అని. పరీక్షలో రాసి పాసైపోయాను. ఆ మడుగు ఒడ్డున కూర్చుని తలెత్తి ఆ ప్లాస్టిక్ సంచిని చూసినప్పుడు ఆ పాఠం ఒంటికి తగిలింది. మేం కూర్చున్న చోట, మా నెత్తి మీద ఇంకో నిలువు నీళ్ళు పారిన గుర్తది.

మన దగ్గర వాన పడితే నేల తాగుతుంది, పొలం తాగుతుంది, చెరువు ఆపుతుంది. వాగు పొంగడానికి టైం పడుతుంది, పై ఊరి నుంచి కబురు వస్తుంది. ఇక్కడ కొండంతా బోడి రాయి. పడ్డ చుక్క పడ్డట్టు కిందికి జారుతుంది. నలభై పాయల నీళ్ళు ఒక్క ఇరుకు సందులోకి వచ్చి పడితే ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి. ఎక్కడో ఇరవై, ముప్పై కిలోమీటర్ల అవతల వాన పడుతుంది, ఇక్కడ మనం నీలాకాశం కింద పులిహోర తింటూ ఉంటాం. ముందు మోత వినబడుతుందట, తర్వాత నీళ్ళ రంగు మారుతుందట, ఆ తర్వాత పైకి ఎక్కడానికి మిగిలేది నిమిషాలే. గైడు పొద్దున్నే చేసిన ఫోన్ దీనికోసం. మనం ఇచ్చే డబ్బు స్టీరింగ్ తిప్పినందుకు కాదు, ఆ ఫోన్ చేసే బుద్ధికి, ఆ ఫోన్ ఎత్తే చుట్టానికి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు ఈ తీరం ఎట్లా దెబ్బతిన్నదో పాతవాళ్ళకి గుర్తే. 2021 అక్టోబర్‌లో షాహీన్ తుపాను బాతినా వైపు ముంచింది. 2024 ఏప్రిల్‌లో తుపాను లేకుండానే, మామూలు వానలకే, సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలు ఉన్న బండి వాదీ వరదలో కొట్టుకుపోయి పిల్లలు చనిపోయారు. ఆ నేల మీద పుట్టి పెరిగినవాళ్ళకే అట్లా జరిగితే, నిన్నగాక మొన్న జగిత్యాల నుంచి దిగిన పిల్లవాడికి వాదీ గురించి ఏం తెలుస్తుంది? 2022 జూలైలో సలాలా దగ్గర ముగ్సైల్ తీరంలో రక్షణ కంచె దాటి నిలబడ్డ మన దేశపు కుటుంబాన్ని అల లాక్కుపోయిన వీడియో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది.

మనోళ్ళు పోయే పద్ధతి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఎవరో ఒకరికి కంపెనీ పికప్ దొరుకుతుంది. వెనక తొట్లో పదిమంది ఎక్కుతారు. గూగుల్ మ్యాప్ పెట్టుకుని బయల్దేరతారు. మ్యాపు దారి చూపిస్తుంది గానీ నిన్న రాత్రి పైన వాన పడిందా లేదా చెప్పదు. వాదీ అల్ అర్బయీన్‌కి కొంచెం దక్షిణాన వాదీ షాబ్ ఉంది, రీళ్ళలో అందరూ చూసేది అదే. పడవ మీద మడుగు దాటి, ముప్పావుగంట బండల మీద నడిచి, ఆ పైన ఈదుకుంటూ పోతే చివర్లో ఒక ఇరుకు సందు, దాని లోపల గుహలో జలపాతం. అందం నిజమే. కానీ ఈత రానివాడికి ఆ చివరి ముక్క లేదు, అంతే. మా ఆరుగురిలో ఈత వచ్చింది ఒక్క కోనసీమ తమ్ముడికే. అతను కూడా వాదీ నీళ్ళలో దిగి, "ఇది మా కాలవ నీరులా తేల్చట్లేదండీ, అడుగున బండలు జారుతున్నాయి" అని బయటికి వచ్చేశాడు. రీల్లో ఎవడో పై బండ మీద నుంచి దూకాడని మనమూ దూకడం ఏంటి? వాడి వెనక ఎంత లోతుందో చూసుకున్నవాడు ఉన్నాడు, వీడియోలో కనబడడు.

రోడ్డు మీద కూడా ఒక మాట. వాదీ రోడ్డుకి అడ్డం పారే చోట కట్టే కాజ్‌వేని ఇక్కడ సైటులో ఐరిష్ క్రాసింగ్ అంటాం. పక్కన తెలుపు, ఎరుపు రంగుల కడ్డీలు ఉంటాయి. నీళ్ళు ఎరుపుకి వచ్చాయంటే బండి పెట్టకూడదు. పారే వాదీలో కావాలని బండి దింపడం ఇక్కడ నేరం, జైలుకి పంపుతారు. బతాకా మీద కేసు పడితే మన ఉద్యోగం ఏమవుతుందో వేరే చెప్పాలా?

మధ్యాహ్నం పైన ఊరి దగ్గర గైడు తెలిసినవాళ్ళ ఇంటి ముందు చాప వేశారు. ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లో కహ్వా. ఇంటి పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి తను నిలబడి పోశాడు. గిన్నె అటూ ఇటూ ఊపితే చాలని అర్థం, లేకపోతే పోస్తూనే ఉంటారు. మా వంట తమ్ముడికి అది తెలియక నాలుగు గిన్నెలు తాగాడు. గైడు మా గురించి ఏదో చెప్తుంటే 'దుయూఫ్' అన్న మాట వినబడింది. అంటే అతిథులు. ఈ దేశంలో మమ్మల్ని 'రఫీక్' అన్నారు, 'హిందీ' అన్నారు, 'లేబర్' అన్నారు. అతిథులనడం మాకు అదే మొదటిసారి. కార్పెంటర్ అన్న లేచి నిలబడి తన డబ్బాలోంచి పులిహోర తీసి వాళ్ళకి పెట్టాడు. కారం ఎక్కువై ఆ పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగినా ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

ఆ ఊరి పొలాల్లోకి నీళ్ళు ఫలజ్‌లో వస్తాయి. ఫలజ్ అంటే కొండలోంచి వాలు చూసుకుని తెచ్చిన సన్నని కాలవ. లెవెల్ మిషన్ లేని రోజుల్లో వందల ఏళ్ళ కిందట ఆ వాలు ఎట్లా పట్టారో, ఇన్వర్ట్ లెవెల్స్‌తో రోజూ కుస్తీ పట్టే నాకు అంతు చిక్కలేదు. ఇలాంటివి అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్ళు గంటల లెక్కన వంతులేసుకుంటారట. "మా ఊళ్ళ నీరటి చేసే పనే ఇది" అన్నాడు నిర్మల్ పెద్దాయన, చెరువు తూము దగ్గర వంతుల తగాదాలు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను హిందీలో చెప్తుంటే వాళ్ళూ నవ్వారు. వాళ్ళకీ అవే తగాదాలు. అందుకే చెప్తున్నా, ఫలజ్‌లో సబ్బు పెట్టి స్నానం చేయకండి, కాళ్ళు కడగకండి. కింద ఎవరో అవే నీళ్ళు తాగుతారు. లోదుస్తుల మీద మడుగుల్లో దిగడం, ఆడవాళ్ళు ఉన్నవైపు ఫోన్ ఎత్తడం, బిర్యానీ పొట్లాలు అక్కడే వదిలేయడం ఇవన్నీ మన ఊరి కోనేరు దగ్గర ఎవరైనా చేస్తే ఊరుకుంటామా?

తిరిగి వచ్చేటప్పుడు బిమ్మా దగ్గర హవియత్ నజ్మ్ అనే పెద్ద గొయ్యి చూశాం. చుక్క రాలి పడిందని అక్కడివాళ్ళ కథ, నిజానికి కింద సున్నపురాయి కరిగి పైకప్పు కూలింది. కాంక్రీటు మెట్లున్నాయి, జనం ఎక్కువ, పావుగంటలో వచ్చేశాం. అక్కడి నుంచి ఫిన్స్ తీరానికి. సాయంత్రం నాలుగయింది. తెల్లటి గులకరాళ్ళు, నీలం నీళ్ళు, దుకాణాలు లేవు, అరుపులు లేవు. ఒడ్డు తొందరగా లోతవుతుంది, నడుము దాటి పోవద్దని గైడు ముందే చెప్పి, మేం నీళ్ళలో ఉన్నంతసేపూ నిలబడే ఉన్నాడు.

నిర్మల్ పెద్దాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కెరటంలో నిలబడి ఇంటికి వీడియో కాల్ చేశాడు. చిన్నమ్మాయి ఎత్తింది. "నాయినా, నీ ఎనకాల ఏందది?" అని అడిగింది. సముద్రం బిడ్డా అన్నాడు. ఆ పిల్ల నమ్మలేదు, చుట్టూ తిప్పి చూపించమంది. ఇన్నేళ్ళూ ఫోన్లో ఆ పిల్లకి నాన్న వెనక కనబడింది బంకు మంచం, దాని ఊచకి వేలాడే లుంగీ. ఆ రోజు పావుగంట తిప్పి తిప్పి చూపించాడు. 15 రియాళ్ళు ఎక్కువని ఎవరైనా అంటే నేను ఆయన్నే చూపిస్తాను.

ఇప్పుడు సంఘాల పెద్దలకి ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. గల్ఫ్‌లో మన తెలుగు సంఘాలకి కొదవ లేదు. ఉగాదికి హోటల్ హాలు, సినిమావాళ్ళు, శాలువాలు, ఫోటోలు. బాగుంటాయి, కాదనను. కానీ ఆ హాల్లో ముందు వరసలు ఎవరివో, క్యాంపు నుంచి బస్సెక్కి వచ్చినవాడు ఎక్కడ నిలబడతాడో చూసినవాళ్ళకి తెలుసు. ఒక్క కార్యక్రమం ఖర్చులో కొంత తీసి, రెండు క్యాంపుల కుర్రాళ్ళని లైసెన్సు గైడుతో ఇలా ఒక రోజు తీసుకుపోతే ఏం పోతుంది? ఉపన్యాసం అక్కర్లేదు, బ్యానర్ కావాలంటే బండికి కట్టుకోండి. కష్టంలో ఉన్నవాడికి టికెట్ కొనిచ్చి ఇంటికి పంపే మంచిపని మీరు చేస్తున్నారు. వాడు అంతదాకా రాకముందే ఒక రోజు ఊపిరి పీల్చుకునే పని కూడా చేయండి.

కంపెనీల సంగతి. 2023లో వచ్చిన ఒమన్ కొత్త కార్మిక చట్టంలో వారానికి వరుసగా రెండు రోజుల విశ్రాంతి అని రాసి ఉంది. సైటుల్లో శనివారం ఓవర్‌టైం అంటే మనమే ముందు చేయెత్తుతాం, డబ్బు అవసరం అలాంటిది, తప్పు పట్టను. కానీ విశ్రాంతి అంటే మంచం మీద ఫోన్ చూస్తూ పడుకోవడం ఒక్కటే కాదు. వారాల తరబడి గదికీ సైటుకీ తిరిగినవాడికి సోమవారం నాటికి కన్ను ఎక్కడో, చేయి ఎక్కడో ఉంటుంది. ఆ సంగతి ఫోర్‌మన్లకీ సేఫ్టీ ఆఫీసర్లకీ తెలుసు, మీటింగులో మాత్రం హెల్మెట్ గురించే మాట్లాడతారు. ఖాళీగా నిలబడిన క్యాంపు బస్సుని ఏడాదికి ఒక శుక్రవారం రహదారి దాకా ఇస్తే, అక్కడి నుంచి ఫోర్ బై ఫోర్ మేమే మాట్లాడుకుంటాం, ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. మేం ఈ మాట ఆఫీసులో అడిగాం. చూద్దాం అన్నారు. ఆ 'చూద్దాం' ఎంతకాలమో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, అయినా అడుగుతూనే ఉంటాం.

పోదామనుకునేవాళ్ళకి నాలుగు సంగతులు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ లోపే పొండి. ఎండాకాలం మధ్యాహ్నాలు సైటులోనే పని ఆపించే దేశంలో కొండెక్కడం పిచ్చిపని. వాతావరణ హెచ్చరిక వచ్చిందంటే అడ్వాన్సు పోయినా సరే మానేయండి. గైడు లైసెన్సు అడిగి చూడండి, మంచివాడైతే విసుక్కోడు. బండిలో సీట్ల కంటే ఒక్కరిని కూడా ఎక్కువ ఎక్కించొద్దు. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి, సైటు బూట్లయినా మేలే. బతాకా జేబులో ఉండాలి. లోయ లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో క్యాంపులో ఒకరికి చెప్పి పొండి. పోలీసు, అంబులెన్సు దేనికైనా నంబరు 9999. యూఏఈలో ఉన్నవాళ్ళకి హత్తా కొండలు దగ్గర, ఖతార్ వాళ్ళకి ఇసుక దిబ్బల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చే ఖోర్ అల్ ఉదెయిద్ ఉంది. అక్కడా గైడు లేకుండా ఇసుకలో బండి పెట్టకండి.

మా క్యాంపులో మళ్ళీ చిట్టీ మొదలైంది. ఈసారి రెండు బండ్లు, పన్నెండు సీట్లు. తొమ్మిది పేర్లు వచ్చాయి. జగిత్యాల కార్పెంటర్ అన్న మొదటి పేరు రాయించుకుని, ఇప్పుడు మిగిలిన ముగ్గురి కోసం గదులన్నీ తిరుగుతున్నాడు.